ఇంగువ తరాజు

మా ఇంటి ఓనరు వీరేశం సేటు జోకనిదే, అంటే తూచనిదే, ఏ పనీ చేయడు. కిరాణా వ్యాపారి కదా, జోకడంలో వింతేముంది అంటారేమో. పప్పూ ఉప్పూ అందరూ జోకుతారు. వీరేశం సేటు ఆలోచనలు జోకుతాడు.

దానికి వేరే తరాజు ఉంది. వాళ్ల తాత ఇంగువ అమ్మిన కాలం నాటి ఇత్తడి తరాజు. అరచేయంత రెండు చిప్పలు, మధ్యన సన్నటి ముల్లు. దుకాణం వెనక గోదాంలో దూలానికి వేలాడుతుంటుంది. ఏదైనా తేల్చాల్సి వస్తే సేటు స్టూలు వేసుకుని దాని ముందు కూర్చుంటాడు. అవును అనడానికి ఒక కారణం దొరికితే కుడి చిప్పలో ఒక వక్కముక్క. కాదు అనడానికి దొరికితే ఎడమ చిప్పలో ఒకటి. చిన్న కారణానికి చిన్న ముక్క, పెద్ద కారణానికి పెద్ద ముక్క. ముల్లు ఎటు మొగ్గితే అటు. ఇన్నేళ్లయినా ఆ చిప్పల్లో వాసన పోలేదు కాబట్టి సేటు నిర్ణయాలన్నీ కొద్దిగా ఇంగువ కంపు కొట్టేవి.

ఎనభై ఏడు సెప్టెంబరులో ఆయన మేడమీది వాటా అద్దెకు అడగడానికి వెళ్లిన రోజు నన్నూ జోకాడు.

"ఏం పని జేస్తరు సార్?"

"జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను."

"సర్కారు నౌకరి." కుడి చిప్పలో టక్కుమని ఒక ముక్క పడింది. "సిగరెట్లు?"

"లేవు."

ఇంకో ముక్క. "పిల్లలు?"

"ఒక్కతే పాప. ఆరేళ్లు. సరస్వతి."

ఎడమ చిప్ప మీదికి చేయి పోయింది. "అల్లరి జేస్తదా?"

"చెయ్యదు సేటూ. అసలు బయటివాళ్లతో మాట్లాడనే మాట్లాడదు."

మా ఆవిడ కొంగు వెనక దాక్కున్న పాపను సేటు తల వంచి చూశాడు. పాప ఇంకా వెనక్కి జరిగింది. చేతిలోని ముక్కను ఆయన ఏ చిప్పలోనూ వేయలేదు. జేబులో వేసుకున్నాడు. "సామాను తెచ్చుకోండ్రి" అన్నాడు. ఆయన జోకడం మధ్యలో ఆపగా అప్పటికి ఎవరూ చూడలేదట. ఆ సంగతి ఆయన భార్య కళావతమ్మ తర్వాత చెప్పింది.

ఆమె ఇంకా చాలా చెప్పింది. ఒకసారి సేటుకు పన్ను నొప్పి వచ్చింది. పీకించుకోవాలా వద్దా అని పన్నెండు రోజులు జోకాడు. పదమూడో రోజు పన్ను దానంతటదే ఊడి అన్నంలో పడింది. "చూసినవా, డాక్టర్ ఫీజు మిగిలింది" అన్నాడట. ఇంకోసారి నర్సంపేటలో మేనకోడలి పెళ్లి. బస్సులో పోవాలా, జీపు మాట్లాడుకోవాలా? బస్సు చిప్ప, జీపు చిప్ప. చివరికి జీపు గెలిచింది. వీళ్లు చేరుకునేసరికి అక్కడ పందిరి గుంజలు పీకుతున్నారు.

"బంతిల కూసునేటోళ్లు లేరు, వడ్డించేటోళ్లు లేరు," అనేది కళావతమ్మ. "మా ఆయనేమో ఖాళీ మైదానం జూసి, జీపుకు జాగ మంచిగ దొరికింది అనవట్టె."

అయితే ఆ బజారులో ఆయన తూకాన్ని శంకించినవాడు లేడు. చిప్ప అడుగున చింతపండు అంటించి జోకడం అనే విద్య వ్యాపారులకు తెలియనిది కాదు. ఎదురు దుకాణం మొండయ్య ఒకసారి అలా దొరికిపోయాడు. వీరేశం సేటు ఆనాటి నుంచి పదేళ్లుగా ఆయనతో మాట్లాడడం లేదు. రోడ్డు పన్నెండడుగులు. రోజూ పొద్దున ఇద్దరూ ఎదురెదురుగా షట్టర్లు ఎత్తేవాళ్లు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

ఇక మా పాప సంగతి. గడప లోపల సరస్వతి గంటకు వెయ్యి మాటలు మాట్లాడేది. గడప దాటితే సున్నా. చెవులు, గొంతు అన్నీ బాగున్నాయని దవాఖానలో చెప్పారు. ఆ ఏడాది జూన్‌లో ఒకటో తరగతికి తీసుకుపోతే బడిలో మేడం పేరు అడిగింది. మావాళ్లు చదువుల తల్లి పేరు ఏరికోరి పెట్టారు. ఆ పేరే పాప నోట్లోంచి రాలేదు. "వచ్చే జూన్‌లో తీసుకురండి. అప్పుడైనా మాట్లాడితే చూద్దాం" అన్నారు. ఇంకో బడిలోనూ అదే మాట.

నేను సైన్సు చదువుకున్నవాణ్ని. నాకు భయమేస్తే గళ్ల నోటుబుక్కు కొంటాను. తేదీ, స్థలం, మాట్లాడిన మాటలు అని మూడు గళ్లు గీశాను. మూడో గడి నిండా సున్నాలే. మా ఆవిడ నోటుబుక్కులు రాసే రకం కాదు. ఆమె కింద కళావతమ్మ దగ్గర కూర్చుని కళ్లు తుడుచుకునేది.

నవంబరులో యాదగిరి వచ్చాడు. ఆయనకు హన్మకొండలో టీవీల దుకాణం. సేటు ఇంట్లోని టీవీ ఆయన అమ్మిందే.

"సేటూ, మీ టీవీ ఆదివారం తప్పితే ఉత్తగనే ఉంటాంది గద," అన్నాడు.

ఉత్తగ ఉన్న సామానును వ్యాపారి ఓర్చుకోలేడు. "అయితే ఏం జెయ్యాలె?"

యాదగిరి దగ్గర రెండు పెట్టెలున్నాయి. రెండూ బొంబాయి నుంచి వచ్చిన పాత సరుకు. ఒకటి టీవీ ఆట. నల్లటి పెట్టె, ఆడడానికి రెండు పిడులు. ఆట అచ్చు అనే చిన్న డబ్బాను దాని నెత్తిన గుచ్చి స్విచ్ వేస్తే చాలు. రెండోది కంప్యూటర్. చూడ్డానికి మూత లేని టైపు మిషను. దాన్ని టీవీకీ, టేప్ రికార్డరుకూ తగిలించాలి. ఆటలు పాటల క్యాసెట్ల లాంటి క్యాసెట్లలో వస్తాయి.

"ఏది దీసుకుంటరు?"

వీరేశం సేటును ఆ ప్రశ్న అడగకూడదని యాదగిరికి తెలియదు.

"రెండూ ఇడిచిపెట్టి పో. జోకి చెప్త."

టీవీ గోదాంలోకి వచ్చింది. తరాజు కుడి చిప్ప కంప్యూటర్‌ది, ఎడమ చిప్ప టీవీ ఆటది. ఒకదాని లాభం దాని చిప్పలో, దాని నష్టం ఎదుటిదాని చిప్పలో. చదువుకున్నవాణ్నని నన్ను పిలిచారు. నేను ఉత్సాహపడి గ్రాఫు కాగితం మీద లెక్క వేసి తీసుకుపోయాను. టీవీ ఆట రెండు వేలు, కాని ఒక్కో ఆట అచ్చు మూడు వందల యాభై. కంప్యూటర్ నాలుగున్నర వేలు, క్యాసెట్ ఇరవై రూపాయలే.

"ఏడు ఆటల దాకా టీవీ ఆటే చవక సేటూ. ఎనిమిదో ఆట కొన్నామంటే కంప్యూటరే లాభం. ఇదిగో, ఈ రెండు గీతలు ఇక్కడ కలుస్తాయి."

సేటు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "గీతలు మంచిగున్నయ్ సార్. కాని కాయిదం జోకితె ఏం బరువుంటది?" అని కంప్యూటర్ చిప్పలో చిన్న ముక్క వేశాడు. నా గ్రాఫు విలువ అంత.

తర్వాత యాదగిరి టేపు పెట్టి కంప్యూటర్‌లో ఆట ఎక్కించడం మొదలుపెట్టాడు. టేప్ రికార్డరు కీచుమని అరిచి గరగరలాడింది. మేం చూస్తూ కూర్చున్నాం. పది నిమిషాలు పట్టింది. సరిగ్గా ఆట వచ్చే సమయానికి కరెంటు పోయింది. కరెంటు వచ్చాక మళ్లీ మొదటి నుంచి పది నిమిషాలు.

సేటు వక్కల సంచిలోంచి ముక్కను కాదు, నిండు వక్కను తీశాడు. "స్విచ్ ఏసుడుతోనె ఆట దానిది. పది నిమిషాల తపస్సు దీనిది. ఇంత పెద్ద నష్టం నా జిందగీల జూడలే" అని దాన్ని టీవీ ఆట చిప్పలో వేశాడు. ఆ చిప్ప దిగబడిపోయింది.

యాదగిరి లేచాడు. "అయితె టీవీ ఆటనే ఖాయం గద సేటూ?"

"ఆగు. ఆడకుంట జోకుడేంది? నాకు ఇంగ్లీషు రాదు, కండ్లు ఆనయ్. సార్, మీ బిడ్డెను రోజు సాయంత్రం గంటసేపు పంపుండ్రి. ఆమె ఆడుతది, నేను జోకుత."

నాకు మళ్లీ భయం. టీవీకి దగ్గరగా కూర్చుంటే కళ్లు పోతాయి. టేపుతో ఆరడుగులు కొలిచి నేల మీద చాక్‌పీసు గీత గీశాను. టెస్టరు పెట్టి ప్లగ్గులన్నీ చూశాను. సేటు ఇదంతా ఓపికగా చూసి, "సార్, మీ ఫికర్ జోకాలంటె ఈ తరాజు సరిపోది. లారీ కాంట కాడికి పోవాలె" అన్నాడు.

అలా సరస్వతి రోజూ గోదాంలోకి వెళ్లడం మొదలైంది. టీవీ ఆట రోజున ఇద్దరూ చెరో పిడి పట్టుకుని బొమ్మల మీద కాల్పులు జరుపుకునేవాళ్లు. సేటు నిమిషంలో చచ్చేవాడు. మాటల్లేవు. కంప్యూటర్ రోజున టేపు అరుస్తుంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసేవాళ్లు. సేటు ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవాడు. పాప తల ఊపేది. నా నోటుబుక్కులో స్థలం గోదాం, మాటలు సున్నా. నవంబరు సున్నా. డిసెంబరు సున్నా.

ప్రతి ఆదివారం యాదగిరి వచ్చేవాడు.

"సేటూ, ముల్లు ఎటు మొగ్గింది?"

"జూడు. సమానం."

నిజంగానే ముల్లు నిటారుగా నిలబడి ఉండేది. "నీ సామాను నా కాడ ఉంచుకున్నందుకు ఇగో" అని సేటు కిలో కందిపప్పు పొట్లం కట్టి ఇచ్చేవాడు. యాదగిరి తిట్టుకోవాలో సంతోషించాలో తెలియక పప్పు పట్టుకుని పోయేవాడు.

జనవరిలో ఒక సాయంత్రం ఉండబట్టలేక నేను గోదాంలో మిరపకాయ బస్తాల వెనక దాక్కున్నాను. పరిశీలకుడు కనబడకూడదు కదా. టేపు అరుస్తోంది.

"ఏడుస్తాందా బిడ్డా ఇది?" అన్నాడు సేటు.

పాప తల అడ్డంగా ఊపింది.

"కాదా? అయితె ఆకలైతాంది గావచ్చు. కళావతీ, జర అటుకులు తే. పాలు గూడ తే. దీని నోట్లె పోద్దాం."

కళావతమ్మ గిన్నె తెచ్చింది. సేటు పాలల్లో నానిన అటుకుల గిన్నెను రెండు చేతులా పట్టుకుని కంప్యూటర్ మీదికి వంచాడు. అంచున పాలచుక్క వేలాడుతోంది.

"వద్దు తాతా!"

సేటు గిన్నెను అలాగే పట్టుకుని పాప వైపు తిరిగాడు.

"ఎందుకొద్దు?"

"ఖరాబైతది! అది ఏడుస్తలేదు. లోడ్ అవుతాంది. ఆట టేపులకెల్లి లోపటికి పోతాంది."

"టేపుల పాటలుంటయ్ గని ఆటలెట్లుంటయ్?"

"ఆ సప్పుడే ఆట తాతా. నీకేం తెల్వది!"

"లోడంటె మరి లారీ ఏది? హమాలీలెవ్వలు?"

"అయ్యో తాతా!"

ఆ పది నిమిషాలూ పాప ఆగకుండా చెప్తూనే ఉంది. నేను బస్తా వెనక ముక్కు నలిపి పట్టుకుని ఉన్నాను. ఎండుమిరప ఘాటు నెత్తికెక్కింది. కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. అవి మిరపకాయల వల్ల వచ్చినవే అని ఇప్పటికీ మా ఆవిడతో చెప్తుంటాను. చివరికి తుమ్ము ఆగలేదు. పెద్ద చప్పుడైంది.

సేటు వెనక్కి తిరగకుండానే, "ఎలుక బిడ్డా. మిరపకాయల్ల ఎలుక తుమ్మింది" అన్నాడు.

"ఎలుకలు తుమ్మయి తాతా," అంది సరస్వతి. "అది మా నాన్న."

ఆ రోజు నోటుబుక్కులో మూడో గడి చాల్లేదు. పక్క పేజీలోకి రాశాను.

ఆ తర్వాత సేటుకు పాఠం చెప్పడం పాపకు పనైపోయింది. సేటు అంత మొద్దు విద్యార్థి ప్రపంచంలో ఉండడు. నిన్న చెప్పింది ఈ రోజు మరిచిపోయేవాడు. తెర మీద ఏం రాసి ఉందో రోజూ అడిగేవాడు. ఇంట్లో నేను నేర్పిన అక్షరాలను కూడబలుక్కుని పాప రోజూ చదివి చెప్పేది. దుకాణానికి వచ్చినవాళ్లను లోపలికి పిలిచి, "నాకు సమజ్ అయితలేదు. బిడ్డా, ఈమెకు నువ్వే చెప్పు" అనేవాడు. శనగపప్పు కోసం వచ్చిన మొగిలమ్మ ఒక గంట పాఠం విని శనగపప్పు మరిచిపోయి వెళ్లిపోయింది.

ఇదంతా బాగానే ఉంది కాని నాకు ఒక శాస్త్రీయ సమస్య పట్టుకుంది. మార్చి వచ్చేసరికి టీవీ ఆట చిప్పలో నిండు వక్క కాక పద్నాలుగు ముక్కలు, కంప్యూటర్ చిప్పలో పది. ముల్లు మాత్రం నిటారుగా ఉంది. ఎన్ని వేసినా నిటారే. ముక్కల బరువుల్లో తేడా అనుకున్నాను. చిప్పలు వేలాడే కాడ రెండు వైపులా సమానంగా లేదేమోనని కింది నుంచి స్కేలు పట్టి కొలిచాను. సమానమే. చిప్ప ముట్టుకోబోతే సేటు గట్టిగా అరిచాడు.

"జోకేటప్పుడు ముట్టొద్దు సార్! తరాజు ఎంగిలైతది."

తరాజు ఎంగిలి కావడం ఏ పుస్తకంలోనూ లేదు. అయినా ఇంటి ఓనరుతో వాదించలేక ఊరుకున్నాను.

జూన్ వచ్చింది. మేం మళ్లీ బడికి వెళ్లాం. అదే గది, అదే మేడం.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?"

మూడు సెకన్లు గడిచాయి. గడియారం చూసుకున్నాను కాబట్టి చెప్తున్నాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. గోళ్ల గుర్తులు రెండు రోజులున్నాయి.

"సరస్వతి."

మేడం తల ఊపి, మా నిరుటి దరఖాస్తు కోసం రిజిస్టరు తిప్పడం మొదలుపెట్టింది. ఎంతకూ దొరకలేదు. వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. పాప మెడ చాచి చూసింది.

"లోడ్ అవుతాందా మేడం?"

"ఏమిటీ?"

"మీ బుక్కు. పది నిమిషాలు పడ్తది. ఫికర్ జెయ్యకుండ్రి. కరెంటు పోకుంటె వచ్చేస్తది."

మేడం రిజిస్టరు మూసి నవ్వింది. సీటు ఇచ్చింది.

ఆ సాయంత్రం మిఠాయి పొట్లంతో గోదాంలోకి వెళ్లాను. ఆదివారం కాకపోయినా యాదగిరి వచ్చి ఉన్నాడు.

"సార్, మీరన్న చెప్పుండ్రి," అన్నాడు నన్ను చూడగానే. "ఏడు నెలలాయె. మా ఇంట్ల పప్పు తప్ప ఇంకో కూర మొఖం జూడలే. పిల్లలు అన్నం ముందర కూసుండి ఏడుస్తాండ్రు."

సేటు పొట్లం విప్పి మిఠాయి నోట్లో వేసుకున్నాడు. "సీటొచ్చిందా?"

"వచ్చింది సేటూ."

"అయితె ఇయ్యాల తేలుస్త" అని స్టూలు మీద కూర్చున్నాడు. కంప్యూటర్ చిప్ప కిందికి చెయ్యి పెట్టి ఏదో గోకాడు. నల్లటి ముద్ద ఒకటి ఊడి ఆయన అరచేతిలో పడింది. టీవీ ఆట చిప్ప ఠంగుమని దిగబడింది.

చింతపండు. నిమ్మకాయంత. విడతలు విడతలుగా అంటించినట్టు పొరలు పొరలుగా ఉంది.

యాదగిరి నోరు తెరిచాడు. నేను అంతకన్నా పెద్దగా తెరిచి ఉంటాను. ఏడు నెలలు చిప్ప పైన ముక్కలు లెక్కపెట్టాను కాని, చిప్ప కింద చూడాలని నా ఫిజిక్సుకు తట్టలేదు.

"సేటూ! మీరా?"

"మెల్లగ సార్. రోడ్డు మీదికి ఇనవడ్తది." మొదటిసారి ఆయన ముఖం ఎర్రబడడం చూశాను. "నలభై ఏండ్ల దుకాణం. గింజ తక్కువ జోకలే. ఇదొక్కటే జేసిన."

"ఎందుకు?"

"ముల్లు ఒకదిక్కు మొగ్గితె యాదగిరి ఒక పెట్టె ఎత్తుకపోవాలె. కొన్నంక ఇగ జోకుడేముంటది? జోకుడు లేకుంటె, బిడ్డె నాకు రోజు వచ్చి ఎందుకు చెప్పాలె? జూన్ దాక ముల్లు నిలబడాలె గద."

"ఇంగ్లీషు రాదంటడు గూడ," అంది కళావతమ్మ తలుపు దగ్గర నుంచి. "లారీ రసీదుల మీద ఇంగ్లీషులనె సంతకం జేస్తడు, సగం పేజీ పడుతది."

సేటు ఆమె మాట వినబడనట్టు తరాజు వైపు తిరిగాడు. టీవీ ఆట చిప్పలోంచి నిండు వక్కను రెండు వేళ్లతో పైకి తీశాడు.

"ఇదేందో యాదికున్నదా సార్?"

"పది నిమిషాల ఆలస్యం. కంప్యూటర్ నష్టం."

"నేనే తప్పు జోకిన. స్విచ్ ఏసుడుతోనె ఆటొచ్చిన నాడు ఒక్క మాట రాలే. వచ్చిన మాటలన్ని ఈ పది నిమిషాలల్లనె వచ్చినయ్." ఆ వక్కను తీసుకుపోయి కంప్యూటర్ చిప్పలో వేశాడు. ముల్లు వెంటనే అటు మొగ్గింది. ఈసారి కింద ఏమీ లేదు. నేను వంగి చూశాను.

యాదగిరి టీవీ ఆటను తీసుకుపోయాడు. సేటు ఇవ్వబోయిన పప్పు పొట్లాన్ని మాత్రం దండం పెట్టి వద్దన్నాడు.

ఇప్పుడు సరస్వతి ఒకటో తరగతి. మాటలు ఎక్కువవుతున్నాయని ఆ మధ్య మేడం కబురు పంపింది. నేను కొత్త నోటుబుక్కు కొన్నాను.

వీరేశం సేటు మారలేదు. గోదాంలో ఫ్యాను పెట్టించాలా వద్దా అని ఎండాకాలం నుంచి జోకుతున్నాడు. చలికాలం వచ్చేసింది. ఒక్క విషయంలో మాత్రం తేడా కనబడింది. మొన్న కాలేజీ నుంచి వస్తుంటే ఆయన రోడ్డు దాటి మొండయ్య దుకాణం అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. పదేళ్ల తర్వాత. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు, సాసర్లలో ఊదుకుంటున్నారు.

తర్వాత అడిగాను, "ఏంది సేటూ, మొండయ్యతో కలిసిపోయారు?"

"ఆయినకు ఆనాడు ఏం అక్కెరొచ్చిందో ఏమో సార్. ఎవ్వలం అడుగకపోతిమి."

రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"చాయ్‌ల చక్కెర ఆయిన ఏస్తాంటె మాత్రం చెంచ అడుగు జూసిన."